ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో మోటర్‌హోమ్‌తో ఆరు రోజులు: చుట్టి రావద్దు, రెండు చోట్ల దిగండి

ప్రశ్న క్లుప్తంగా: ఆగస్టు నడిమిలో కెనడాలోని హాలిఫాక్స్‌లో 24 అడుగుల మోటర్‌హోమ్ (వంటిల్లు, పడకలు, మరుగుదొడ్డి ఉన్న బండి) అద్దెకు తీసుకుంటున్నాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, మేమిద్దరం, పదేళ్ల పాప. అక్కడికి దగ్గర్లోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ దీవి మొత్తం రోజుకో క్యాంప్‌గ్రౌండ్ చొప్పున ఆరు రోజుల్లో చుట్టాలని ప్లాను. ఇలాంటి బండి ఇంతకు ముందు నడపలేదు. వంట బండిలోనే. నాన్న రైతు, పొలాలు చూడాలంటున్నారు. ఏమేం చూసుకోవాలి?

సమాధానం:

అన్నిటికన్నా ముందు ఆ రోజుకో క్యాంప్‌గ్రౌండ్ ప్లాను మార్చండి. దీవి ఈ కొస నుంచి ఆ కొసకు 224 కి.మీ., వైశాల్యం 5,660 చ.కి.మీ. అనేసరికి ఎవరికైనా చుట్టేద్దామనే అనిపిస్తుంది. కార్లో అయితే చుట్టొచ్చు కూడా. మోటర్‌హోమ్‌లో టైం తినేది దూరం కాదు, ఇల్లు విప్పడం, మళ్లీ వేయడం. పొద్దున కరెంటు కేబుల్, నీళ్ల గొట్టం తీసి చుట్టాలి. మురుగునీళ్ల ట్యాంకులు ఖాళీ చేయాలి. అల్మారాలు, ఫ్రిజ్ తలుపు గడియలు పెట్టాలి, గిన్నెలన్నీ కదలకుండా సర్దాలి. కొత్తవాళ్లకు ఇది తక్కువలో తక్కువ గంట పని. సాయంత్రం బండి మట్టం చేసి అవన్నీ తిరిగి తగిలించడానికి ఇంకో ముప్పావు గంట. ఐదుసార్లు మకాం మారిస్తే ఒక పగలంతా గొట్టాలు చుట్టడంతోనే సరి.

ఇంకో సంగతి చాలామందికి అక్కడికి వెళ్లాక గానీ తట్టదు. మీకు వేరే కారు లేదు. పాల ప్యాకెట్ కోసం వెళ్లాలన్నా ఇల్లంతా ఊడదీసి వెళ్లాలి. కాబట్టి సైటు (క్యాంప్‌గ్రౌండ్‌లో మీ బండికి ఇచ్చే చోటు) నుంచి నడిచి బీచికి వెళ్లగలిగిన క్యాంప్‌గ్రౌండ్లే చూసుకోండి. మీ కుటుంబానికి నేను చెప్పేవి రెండు: తూర్పున రెడ్ పాయింట్ ప్రొవిన్షియల్ (రాష్ట్ర) పార్కు, ఉత్తర తీరాన నేషనల్ పార్కులోని కావెండిష్ క్యాంప్‌గ్రౌండ్. ఒక్కోచోట రెండు రాత్రులు.

పడమటి వైపు వదిలేయమంటున్నాను. అక్కడా మంచివే ఉన్నాయి. నార్త్ కేప్ గాలిమరలు, వెస్ట్ పాయింట్‌లో నలుపు తెలుపు పట్టీల లైట్‌హౌస్, ఒలీరీ ఊళ్లో బంగాళాదుంపల మ్యూజియం. నాన్నగారికి ఆ మ్యూజియం నచ్చుతుంది, పాత సాగు పనిముట్లన్నీ వరసగా పెట్టారు. కానీ కావెండిష్ నుంచి పోను రాను దగ్గర దగ్గర 200 కి.మీ., అంటే ఒక రోజు. ఆ రోజు బీచి దగ్గరే గడిపితే పాపకు, అమ్మగారికి హాయి. నాన్నగారు పట్టుబడితే మాత్రం కావెండిష్‌లో ఇంకో రాత్రి పెంచండి, అంతే తప్ప ఈ రెండు మకాంల మధ్య ఇరికించకండి.

రోజుల వరస ఇలా పెట్టుకోండి. మొదటి రోజు బండి చేతికొచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది, వాళ్లు అన్నీ చూపించడానికి గంట పడుతుంది. ఆ రోజే ఫెర్రీ (బండ్లను దీవికి చేర్చే ఓడ) అందుకోవాలని చూడకండి. హాలిఫాక్స్‌లోనే బియ్యం, పప్పులు, కరివేపాకు కొనేసి, కారిబూ వైపు 170 కి.మీ. నడిపి, ఫెర్రీ రేవు పక్కనే ఉన్న కారిబూ-మన్రోస్ ఐలాండ్ ప్రొవిన్షియల్ పార్కులో పడుకోండి. ఆ రాత్రి అన్నీ ఒకసారి వాడి చూడండి: నీళ్ల పంపు, గీజరు, పొయ్యి, హీటరు, ఫ్రిజ్. ఏది పనిచేయకపోయినా అక్కడి నుంచి అద్దె సంస్థకు ఫోను చేయడం సులువు, దీవి దాటాక మనిషిని పంపాలన్నా వాళ్లకు కష్టమే. రెండో రోజు పొద్దున ఫెర్రీ, అక్కడి నుంచి మాంటేగ్, సూరీ మీదుగా రెడ్ పాయింట్, సుమారు 100 కి.మీ. మూడో రోజు అక్కడే. నాలుగో రోజు సెయింట్ పీటర్స్ బే, గ్రీనిచ్ చూసుకుంటూ కావెండిష్. ఐదో రోజు అక్కడే. ఆరో రోజు దీవిని ఒడ్డుకు కలిపే కాన్ఫెడరేషన్ బ్రిడ్జి మీదుగా హాలిఫాక్స్, 320 కి.మీ. దాకా, నాలుగు గంటలు. మొత్తం 850 కి.మీ. వేసుకోండి. ఈ బండ్లు 100 కి.మీ.కు 20 నుంచి 25 లీటర్లు తాగుతాయి, అంటే 200 లీటర్ల పెట్రోలు. దీవిలో చవక బంకు కోసం వెతక్కండి. అక్కడ ధర ప్రభుత్వ నియంత్రణలో ఉంటుంది, బంకుకూ బంకుకూ పెద్ద తేడా ఉండదు.

ఫెర్రీలో లోపలికి, బ్రిడ్జి మీద బయటికి అని ఎందుకంటున్నానంటే, దీవిలోకి వెళ్లేటప్పుడు ఛార్జీ లేదు. బయటికి వచ్చేటప్పుడే తీసుకుంటారు, ఫెర్రీ అయినా బ్రిడ్జి అయినా. ఫెర్రీకి బండి పొడవును బట్టి లెక్క, బ్రిడ్జికి ఇరుసులను బట్టి. మీ బండికి వెనక నాలుగు టైర్లున్నా ఇరుసులు రెండే, కాబట్టి కారుకు ఎంతో దానికీ అంతే. 2025 ఆగస్టు 1న ఆ టోలు 50.25 డాలర్ల నుంచి 20కి తగ్గించారు. ఇదే దారిని తిరగేసి వెళ్తే 24 అడుగులకూ ఫెర్రీ ఛార్జీ చేతి నుంచి పోతుంది. ఫెర్రీ బుక్ చేసేటప్పుడు పొడవు అబద్ధం చెప్పకండి. వెనక సైకిళ్ల స్టాండు తగిలిస్తే అదీ కలిపి చెప్పాలి. డెక్ మీద చోటు ఆ లెక్కనే సర్దుతారు, రేవులో కొలిచి తేడా వస్తే తర్వాతి ట్రిప్పే. గంట ముందుగా చేరుకోండి. ప్రయాణం 75 నిమిషాలు. ఎక్కే ముందు గ్యాస్ సిలిండరు వాల్వు కట్టేయాలి. గ్యాసు మీద నడిచే ఫ్రిజ్ అయితే ఆ కాసేపు ఆగుతుంది, తలుపు తీయకుండా ఉంటే లోపలి చల్లదనం పోదు.

కాన్ఫెడరేషన్ బ్రిడ్జి 1997లో తెరిచారు, 12.9 కి.మీ., వేగపరిమితి గంటకు 80. కార్లో కూర్చుంటే పక్క గోడలు అడ్డొచ్చి సముద్రం సరిగా కనబడదు. మోటర్‌హోమ్ సీటు ఎత్తు, మీకు బాగా కనబడుతుంది. అదే ఎత్తు గాలికి ఇబ్బంది. గాలి గంటకు 70 కి.మీ. దాటితే ఎత్తైన బండ్లను, ట్రైలర్లను, మోటర్‌హోమ్‌లను ఆపేస్తారు. ఆగస్టులో ఇది అరుదు. సెప్టెంబరు నుంచి తుపాను తోకలు ఇటు వస్తాయి, అప్పుడు జాగ్రత్త. బ్రిడ్జి వెబ్‌సైటులో గాలి పరిస్థితి పెడతారు. వెళ్లే ముందు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి చూసుకోండి. ఆపితే బ్రిడ్జికి ఇటువైపు, దీవి కొసనున్న బోర్డెన్‌లోనే ఎక్కడో ఆగి టీ పెట్టుకోవడమే, ఇల్లు వెంటే ఉంది కదా.

బుకింగుల సంగతి. రెడ్ పాయింట్ ప్రొవిన్షియల్ పార్కుది, కావెండిష్ నేషనల్ పార్కుది, ఈ రెండింటికీ బుకింగ్ వెబ్‌సైట్లు వేరు. ఒకదాంట్లో వెతికి ఖాళీ లేదని దిగులు పడకండి. ఆగస్టు నడిమిలో దీవి రాజధాని షార్లట్‌టౌన్‌లో ఓల్డ్ హోమ్ వీక్ జరుగుతుంది, దీవిలో ఊళ్లవాళ్లందరూ ఇళ్లకు వచ్చే వారం. సైట్లు చాలా ముందే అయిపోతాయి. బండి పొడవు, రకం అడుగుతారు. సైటు పొడవు బండి కన్నా కనీసం నాలుగైదు అడుగులు ఎక్కువ ఉండాలి. ‘పుల్ త్రూ’ అని ఉన్న సైటు దొరికితే వదలకండి, రివర్సు చేయకుండా ఇటు దూరి అటు బయటపడొచ్చు. ఐదుగురికి, వండుకునే కుటుంబానికి కరెంటు, నీళ్లు, సీవరు (మురుగు పోయే రంధ్రం) మూడూ ఉన్న సైటే తీసుకోండి. ఆ కాస్త డబ్బు మిగుల్చుకుని ట్యాంకుల కోసం బాధపడటం దండగ.

ఇక నడపడం. కొత్తవాళ్లు ముందు వైపు జాగ్రత్తగా చూసి, వెనక వైపు గుద్దుతారు. వెనక చక్రాల తర్వాత ఎనిమిది అడుగుల దాకా బాడీ వేలాడుతూ ఉంటుంది. మీరు కుడికి తిప్పితే ఆ తోక ఎడమకు ఊగుతుంది. పెట్రోలు బంకులో పంపు పక్కనున్న ఇనప స్తంభాలకు గీసుకునేది ఇలాగే. బంకు నుంచి బయటపడేటప్పుడు రెండు మీటర్లు నేరుగా ముందుకు పోయి, అప్పుడు తిప్పండి. రివర్సు ఎప్పుడైనా ఒకరు కిందికి దిగి, డ్రైవరు అద్దంలో కనబడేలా నిలబడాల్సిందే. బండి ఎత్తు మీటర్లలో, అడుగుల్లో రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించండి. దీవిలో రైలు 1989లోనే పోయింది, ఆ పట్టాల దారి ఇప్పుడు కాన్ఫెడరేషన్ ట్రెయిల్ అనే సైకిలు బాట. అందుకని పైనుంచి పోయే రైలు వంతెనల బెడద లేదు. కప్పు గీసుకునేది క్యాంప్‌గ్రౌండ్ చెట్ల కొమ్మలకు, డ్రైవ్ త్రూ షెడ్లకు. షార్లట్‌టౌన్ పాత బస్తీ వీధులు ఇరుకు, అక్కడికి ఈ బండితో దూరకండి.

మామూలు రోడ్లన్నీ రెండు వరసలే, తారు అంచు దాటగానే కంకర, ఆ పక్కన మెత్తటి ఎర్రమన్ను, దాని పక్కన కాలువ. ఫొటో కోసం అంచుకు దించి ఆపారంటే అంత బరువైన బండి కుడిచక్రం మెల్లగా దిగబడుతుంది. ట్రాక్టర్లు, వెనక నారింజ రంగు ముక్కోణం బోర్డున్న బండ్లు చాలా మెల్లగా పోతాయి. వాళ్లు ఎడమకు తిరగబోతుంటారు, మీరు దాటేయబోతారు, ప్రమాదాలు అక్కడే. పొలం గేటు దగ్గరపడుతుంటే దాటకండి.

మ్యాపులో సన్నగా కనిపించే మట్టిరోడ్లలో కొన్నిటిని హెరిటేజ్ రోడ్లని కాపాడుతున్నారు. రెండు వైపులా చెట్లు కమ్ముకుని, మధ్యలో ఎర్రటి బాట, చూడ్డానికి భలే ఉంటాయి. నడిచి వెళ్లండి. బండితో వెళ్లకండి. ఈ మన్ను ఇసుకరాయి అరిగి వచ్చింది, ఇనుము తుప్పు వల్ల ఆ రంగు. ఎండినప్పుడు సిమెంటు గచ్చులా ఉంటుంది, వాన పడ్డాక పై అంగుళం సబ్బులా జారుతుంది, టైరు గాడుల్లో నిండి టైరు నున్నగా అయిపోతుంది. ఒకవేళ ఇరుక్కుంటే యాక్సిలరేటర్ తొక్కకండి. ఒక్కసారి చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగిందంటే ఇరుసు దాకా గుంట పడుతుంది. చక్రం ముందు కంకర గానీ, బండిలోని రబ్బరు పట్టాలు గానీ వేసి చిన్న గేరులో మెల్లగా ప్రయత్నించండి, రెండుసార్లకు రాకపోతే టోయింగ్‌కు ఫోను చేయండి. అద్దె ఒప్పందాల్లో మట్టిరోడ్డు మీద జరిగిన నష్టానికి బీమా వర్తించదని చాలాచోట్ల రాసి ఉంటుంది, సంతకం పెట్టే ముందు ఆ పేరా చదవండి.

నాన్నగారి పొలాల సంగతికొస్తే, ఆయనకు ఆ మన్ను చూడగానే మన ఎర్ర చల్క గుర్తొస్తుంది. పోలిక రంగు వరకే. ఇక్కడ సాగు ఎక్కువగా వర్షాధారం. బంగాళాదుంప మూడేళ్లకొకసారే అదే పొలంలో వేయాలని పంటమార్పిడి చట్టం ఉంది, అందుకే ఒకే గుట్ట మీద పక్కపక్కనే మూడు రంగులు కనిపిస్తాయి. ఆగస్టు నడిమిలో దుంప చేలు ముదురాకుపచ్చగా, కొన్నిచోట్ల ఆలస్యంగా పూసిన తెల్ల, ఊదా పూలతో ఉంటాయి. బార్లీ, గోధుమ పండి బంగారు రంగుకు తిరుగుతాయి. అక్కడక్కడా ఆవపూల పసుపు కనబడితే నాన్నగారికి చెప్పండి, అది ఆవాల కోసం కాదు. దుంపను తొలిచే వైర్‌వార్మ్ అనే పురుగును అదుపు చేయడానికి ఆవ వేసి, పచ్చిగా ఉండగానే దున్నేస్తారు. చేలు చూడ్డానికి మంచి చోటు కావెండిష్ నుంచి పడమటికి ఫ్రెంచ్ రివర్ దగ్గర 20వ నెంబరు రోడ్డు పక్కనున్న వ్యూ పాయింటు. సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి. మిట్టమధ్యాహ్నం చేలన్నీ ఒకే పచ్చ. ఎండ వాలాక ఒక్కో బోదె నీడ పక్క చాలులో పడి, దువ్వెన పెట్టి దువ్వినట్టు గుట్టంతా గీతలు తేలతాయి.

పొలంలోకి మాత్రం అడుగు పెట్టనివ్వకండి, రైతు పిలిస్తే తప్ప. ఇది మర్యాద కోసమే కాదు. పొటాటో వార్ట్ అనే శిలీంధ్రం తెగులు మట్టిలో దశాబ్దాల పాటు బతుకుతుంది, చెప్పులకు, టైర్లకు అంటిన మట్టితో పాకుతుంది. 2021లో రెండు పొలాల్లో అది కనబడినందుకు ఆ నవంబరులో కెనడా ఈ దీవి నుంచి అమెరికాకు తాజా దుంపల ఎగుమతి ఆపేసింది, మళ్లీ తెరవడానికి నెలలు పట్టింది. ఒక్క చెప్పు మట్టి అంత పని చేయగలదని ప్రతి రైతుకూ తెలుసు. పైగా మచ్చతెగులు మందు వారానికోసారి కొడుతుంటారు. స్ప్రేయరు తిరుగుతుంటే అద్దాలు ఎత్తుకుని దాటిపోండి.

దుంపలు కొనడానికి మార్కెట్ అక్కర్లేదు. రోడ్డు పక్క ఇళ్ల ముందు చిన్న అరలు, సంచులు, డబ్బులు వేసే డబ్బా ఉంటాయి, మనిషి ఉండడు. చిల్లర నాణేలు, ఐదు డాలర్ల నోట్లు దగ్గర పెట్టుకోండి. ఆగస్టులో వచ్చేవి కొత్త దుంపలు, బొటనవేలితో రుద్దితే తొక్క ఊడుతుంది. కడగకుండా కాగితపు సంచిలోనే, వెలుతురు తగలని అల్మారాలో ఉంచండి. వెలుతురుకు పచ్చబడతాయి, ఆ పచ్చ భాగం తినకూడదు. ఫ్రిజ్‌లో పెడితే పిండి పదార్థం చక్కెరగా మారి వేపుడు నల్లగా మాడుతుంది. వేపుడుకు ఎర్ర తొక్కవి, పసుపు కండవి తీసుకోండి, ముక్క విరగదు. రస్సెట్ రకం పిండిపిండిగా ఉంటుంది, పూరీ కూరకు, పరాఠాలోకి సరే.

ఇప్పుడు వంట, ట్యాంకులు. మనవాళ్లకు ఇబ్బంది అంతా ఇక్కడే వస్తుంది.

కరెంటు లెక్క. మీ సైటు 30 ఆంపియర్లది అనుకుందాం. ఏసీ ఒక్కటే 13 దాకా లాగుతుంది. 1500 వాట్ల కెటిల్ 12.5. మైక్రోవేవ్ 10 నుంచి 12. 600 వాట్ల రైస్ కుక్కర్ 5. ఏసీ, కుక్కరు కలిసి నడుస్తాయి. ఏసీ, కెటిల్, మైక్రోవేవ్ మూడూ వేస్తే స్తంభం దగ్గర బ్రేకరు పడుతుంది. కేబుల్ తగిలించే ముందు స్తంభం మీద బ్రేకరు ఆపి, తగిలించాక వేయాలి. లేకపోతే ప్లగ్గు పిన్నులు నిప్పురవ్వలకు నల్లబడి వేడెక్కుతాయి. కారిబూ రాత్రి కరెంటు లేని సైటు దొరికితే రైస్ కుక్కర్ సంగతి మర్చిపోండి, గ్యాసు మీద గిన్నెలో వార్చుకోవడమే.

ఫ్రిజ్ గ్యాసు మీదా, కరెంటు మీదా నడిచే పాత రకమైతే చల్లబడటానికి ఎనిమిది గంటలు పైగా పడుతుంది. బండి తీసుకునే ముందు రాత్రే వేసి ఉంచమని అడగండి. వేడి కూర గిన్నె, దోసెల పిండి లోపల పెట్టి పొద్దున చూస్తే అన్నీ పులిసి ఉంటాయి. ఈ రకం ఫ్రిజ్‌కు బండి మట్టంగా ఉండటం కూడా ముఖ్యం. ఒరిగి ఉంటే లోపలి ద్రవం సరిగా తిరగక చల్లదనం ఆగిపోతుంది. బల్ల మీద పళ్లెంలో నీళ్లు పోసి చూస్తే ఎటు ఒరిగిందో తెలుస్తుంది, ఆ వైపు చక్రాల కింద ప్లాస్టిక్ దిమ్మెలు పెట్టి బండి ఎక్కించండి. కంప్రెసరు ఫ్రిజ్ అయితే ఈ బాధ తక్కువ.

తాలింపు లోపల పెట్టకండి. ఎండుమిర్చి, ఇంగువ నూనెలో పడగానే స్మోక్ అలారం మోగుతుంది. అర్ధరాత్రి కాకపోయినా పక్క సైటు వాళ్లు తొంగిచూస్తారు. చాలామంది అలారం బ్యాటరీ పీకేసి, తిరిగి పెట్టడం మర్చిపోతారు. గ్యాసు హీటరు పక్కనే పడుకునే గదిలో ఇది ప్రాణం మీదికి తెచ్చుకునే పని. ఒక చిన్న బ్యూటేన్ పొయ్యి కొని, బయట పిక్నిక్ బల్ల మీద తాలింపులు, వేపుళ్లు, చేపలు కానివ్వండి. లోపల పప్పు, అన్నం వరకే. కుక్కరు పెట్టినప్పుడు కప్పు మీద ఫ్యాను వేసి, ఒక కిటికీ నాలుగు వేళ్ల సందు తెరవండి. లేకుంటే ఆవిరంతా కిటికీలకు పట్టి రాత్రికి పరుపుల మీద కారుతుంది. నేల దగ్గర ఇంకో అలారం ఉంటుంది, అది గ్యాసు లీకుకు. ప్రొపేన్ గాలి కన్నా బరువు, కింద పేరుకుంటుంది కాబట్టి అక్కడ పెడతారు. అది మోగితే మాత్రం వెతుకులాట వద్దు, అందరూ బయటికి, సిలిండరు కట్టేయాలి.

ట్యాంకులు మూడు. మంచినీళ్లది 130 లీటర్ల దాకా, సింకు, స్నానం నీళ్లు పోయే గ్రే ట్యాంకు దాదాపు అంతే, మరుగుదొడ్డిది బ్లాక్ ట్యాంకు 100 లీటర్ల చుట్టుపక్కల. మీ బండి అంకెలు అడిగి రాసుకోండి. మనం నీళ్లు వాడేవాళ్లం. ఒక్కసారికి కడుగుడు, ఫ్లష్ కలిపి రెండు లీటర్లు వేసుకున్నా, ఐదుగురు రోజుకు నాలుగేసి సార్లు వెళ్తే 40 లీటర్లు. అంటే రెండున్నర రోజుల్లో బ్లాక్ ట్యాంకు నిండుతుంది. దీంట్లో ఒక మేలు కూడా ఉంది. కాగితం తక్కువ, నీళ్లు ఎక్కువ కాబట్టి అడుగున గట్టిపడదు. పగలు క్యాంప్‌గ్రౌండ్ మరుగుదొడ్లు, స్నానాల గదులు వాడి, బండిలోది రాత్రిళ్లకు ఉంచుకుంటే సమస్యే రాదు.

సీవరు కనెక్షన్ ఉంది కదా అని బ్లాక్ వాల్వు తెరిచి వదిలేయకండి. నీళ్లు పోయి గట్టిది అడుగున గుట్టలా పేరుకుపోతుంది, ఆ తర్వాత దాన్ని వదిలించడం ఎవరి వల్లా కాదు. మూడింట రెండు వంతులు నిండేదాకా మూసి ఉంచాలి. ఖాళీ చేసే వరస: చేతికి గ్లవుజులు. గొట్టం ఒక కొస బండికి తిప్పి బిగించి, రెండో కొస రంధ్రంలో దూర్చి దాని మీద రాయి లాంటి బరువు పెట్టాలి. మొదట బ్లాక్ వాల్వు ఒక్కసారిగా పూర్తిగా లాగాలి, సగం లాగితే తోపు ఉండదు. చప్పుడు ఆగేదాకా ఆగి, మూసి, అప్పుడు గ్రే వాల్వు. సబ్బు నీళ్లు గొట్టాన్ని కడుగుతాయి, అందుకే ఈ వరస. చివర్న రెండూ మూసి, టాయిలెట్‌లో పది లీటర్ల నీళ్లు పోసి, ట్యాంకు వాసన ఆపే మందు పొట్లం వేయాలి. పొడి ట్యాంకుతో బయలుదేరితే వాసన ఆ రోజే మొదలు. గోడ మీది లైట్లు ట్యాంకు నిండిందని అబద్ధం చెబుతుంటాయి, లోపలి సెన్సారుకు ఏదో అతుక్కుని. పైన చెప్పిన లెక్కనే నమ్మండి.

గ్రే ట్యాంకుకు గంజి, పప్పు, నూనె పనికిరావు. ఆగస్టు ఎండకు రెండో రోజుకే సింకు రంధ్రంలోంచి పులిసిన వాసన వస్తుంది. పళ్లేలు కడిగే ముందు కాగితంతో తుడిచి, ఆ కాగితం కంపోస్టు డబ్బాలో వేయండి. దీవి అంతటా చెత్త వేరుచేయడం తప్పనిసరి: కంపోస్టు, రీసైక్లింగ్, మిగతాది. క్యాంప్‌గ్రౌండ్లో డబ్బాల మీద బొమ్మలుంటాయి, పాపకు ఆ పని అప్పగించండి. కట్టెలు బయటి నుంచి తేకండి, కట్టెతో పాటు పురుగులొస్తాయి, అక్కడే కొనుక్కోవాలి.

బండి పక్కన పరిచే గుడారపు నీడ ఉంటుంది కదా, అద్దె బండ్లలో తేలిగ్గా విరిగేది అదే. మధ్యాహ్నం ప్రశాంతంగా ఉండి, సాయంత్రానికి సముద్రపు గాలి ఒక్కసారి లేస్తుంది, దాన్ని పట్టి ఉంచే కడ్డీలు వంగిపోతాయి. బీచికి వెళ్తున్నా, పడుకుంటున్నా చుట్టేయండి.

చూసేవాటి గురించి రెండు ముక్కలు చాలు. రెడ్ పాయింట్ పక్కనే బేసిన్ హెడ్ బీచి. అక్కడి ఇసుకలో మడమ ఈడ్చి నడిస్తే ఇసుక కిచకిచమంటుంది. పొడిగా ఉన్న చోటే, నీటి అంచుకు వెళ్తే మాట్లాడదు. గ్రీనిచ్‌లో చెరువు మీద తేలే చెక్కబాట, అవతల ఇసుకతిన్నెలు. పోను రాను ఐదు కిలోమీటర్ల దగ్గర, నీడ లేదు, అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులుంటే చెక్కబాట దాకా వెళ్లి వెనక్కి రావచ్చు. తిన్నెల మీది గడ్డి తొక్కనివ్వకండి. 2022 సెప్టెంబరులో ఫియోనా తుపాను ఉత్తర తీరం తిన్నెలను చాలాచోట్ల కోసేసింది, ఉన్నవాటిని పట్టి ఉంచేది ఆ గడ్డి వేళ్లే. ఎర్ర కొండచరియల అంచున నిలబడకండి, కింద ఖాళీగా ఉండి పైన పొర మాత్రమే మిగిలి ఉండొచ్చు. ఈతకు ఉత్తర తీరంలో అలలున్న రోజు రిప్ కరెంటు అనే నీటి ప్రవాహం సముద్రంలోకి లాగుతుంది, లైఫ్‌గార్డ్ జెండాల మధ్యే పాపను దింపండి. దక్షిణ తీరం నీళ్లు వెచ్చగా, లోతు లేకుండా పిల్లలకు బాగుంటాయి, కాకపోతే ఆగస్టులో ఎర్ర జెల్లీ చేపలు తిరుగుతాయి, కుడితే మంట. తెల్లబట్టలు తేవద్దని అమ్మగారికి చెప్పండి, ఆ ఎర్రమరక వదలదు.

చివరి రోజు కావెండిష్‌లోనే బ్లాక్, గ్రే ట్యాంకులు రెండూ ఖాళీ చేసుకుని బయలుదేరండి. హాలిఫాక్స్ చేరాక చోటు వెతకడం కష్టం, నిండు ట్యాంకుతో అప్పగిస్తే జరిమానా వేస్తారు. పెట్రోలు, గ్యాసు నింపిన రసీదులు ఉంచండి. మధ్యాహ్నం రెండుకు అప్పగించాలంటే పొద్దున ఎనిమిదికల్లా సైటు వదలాలి, కేబుల్ చుట్టడం ఏడుకు మొదలు. ఎక్కే ముందు ఒకరు బండి చుట్టూ ఒక పూర్తి రౌండు నడవండి: మెట్టు లోపలికి మడిచారా, టీవీ ఏంటెనా దించారా, కప్పు కిటికీలు మూశారా, కేబుల్ స్తంభానికి ఇంకా తగిలే ఉందా.